దోస్తు మీద గెలవొచ్చా?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా పాతబస్తీలోని గిరిజన బాలికల హాస్టల్‌లో సంఘం యువత ముందు ఒక వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

   

నాకిచ్చిన అంశం 'క్రీడలు, యువత'. నేను పీఈటీని కాదు. బీఈడీ చేసింది లెక్కల్లో. అందుకని అంత పెద్ద అంశాన్ని ఒక్క ప్రశ్నకు కుదించుకుంటున్నా. మన పక్క మంచం దోస్తుతోనే పోటీ పడాల్సి వస్తే ఏం చెయ్యాలి? ఆమెను ఓడించొచ్చా?

నవ్వకండి. డిగ్రీ అయిపోయి గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదువుతున్నవాళ్లు ఈ హాల్లో సగం మంది ఉన్నారు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక గది తీసుకుంటారు. ఒకే పుస్తకం, ఒకే నోట్సు, ఒకే కూర. నోటిఫికేషన్ వచ్చాక చూస్తే మన కేటగిరీకి మన జోన్‌లో ఒకటో రెండో పోస్టులు. 2022లో తెలంగాణలో ఎస్టీ రిజర్వేషన్ 6 శాతం నుంచి 10 శాతం అయింది. మంచిదే. కానీ దరఖాస్తు పెట్టేవాళ్లూ పెరిగారు. మీ పోటీదారు ఎక్కడో అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో లేడు, మీ చాప మీదే పడుకుని ఉన్నాడు. ఈ మాట మనం బయటకు అనుకోం. అనుకోకపోవడం వల్లే ఫలితాలు వచ్చిన రోజు సోపతులు తెగిపోతున్నాయి.

నేను చెప్పబోయేది మా హాస్టల్ పిల్లలు ఇద్దరి సంగతి. ఇద్దరూ ఇక్కడే ఉన్నారు, పేర్లు చెప్పొద్దన్నారు. ఒకమ్మాయిది ఉట్నూరు దిక్కు గోండు గూడెం. ఇంకొకమ్మాయిది దేవరకొండ దిక్కు లంబాడా తండా. గూడెం పిల్ల, తండా పిల్ల అంటాను, ఏమనుకోకండి. ఇంటర్ మొదటి ఏడాది నుంచి ఒకే గది. పోయిన చలికాలం అనంతగిరి అడవిలో ఒక క్లబ్ వాళ్లు పోటీ పెట్టారు. ముందు 7 కిలోమీటర్లు అడవి దారిలో పరుగు, వెంటనే 15 కిలోమీటర్లు అదే గుట్టల్లో సైకిలు. 18 ఏళ్లలోపు అమ్మాయిల్లో మొదట వచ్చినవాళ్లకు గేర్ల సైకిలు బహుమానం. ఇద్దరూ పేర్లు ఇచ్చారు.

పాతబస్తీలో ఉంటూ కొండ పరుగు ఎట్లా నేర్చుకుంటారని అడిగారు చాలామంది. ఎందుకు నేర్చుకోలేరు? చార్మినార్ నుంచి శాలిబండ వైపు నడిచినవాళ్ల పిక్కలకు తెలుసు అది ఎక్కుడు అని. అక్కడి నుంచి ఫలక్‌నుమా దాకా ఎత్తుపల్లాలే. ఆదివారాలు పహాడీ షరీఫ్ పోయేవాళ్లు. దర్గా మెట్లు కాకుండా గుట్ట కింద రాళ్ల దారి ఉంది చూడండి, అక్కడ. పొద్దుగాల 5 గంటలకు గేటు తీస్తాను, వెనక మా వాచ్‌మన్ భార్య స్కూటీ మీద పోతుంది, 7 కల్లా లోపల ఉండాలి. రంజాన్ నెలలో అయితే ఇంకా నయం. సహరీ కోసం లేచిన జనంతో ఆ వేళకు కూడా వీధుల్లో దీపాలు, మనుషులు ఉంటారు, ఆడపిల్లలకు భయం ఉండదు. పాతబస్తీ అంటే భయపడే తల్లిదండ్రులకు ఈ మాట గట్టిగా చెబుతున్నా.

సైకిళ్ల పని మాత్రం ఇంజన్ బౌలి దగ్గర పంక్చర్లు వేసే చాచా నేర్పాడు. గేర్ల సైకిళ్లు రెండు అద్దెకు తెచ్చాం. చాచా మొదటి రోజే సైకిలు తలకిందులు పెట్టి, 'బేటీ, చలానా బాద్ మే, పహ్లే ఖోల్నా సీఖో' అన్నాడు. తొక్కడం తర్వాత, ముందు విప్పడం నేర్చుకోండని. చైను ఎక్కించడం, ట్యూబు మార్చడం, సీటు ఎత్తు సరిచూసుకోవడం నేర్చుకున్నారు. రాళ్ల దారిలో టైర్లో గాలి కొంచెం తక్కువ ఉంటేనే పట్టు దొరుకుతుందని, రోడ్డు మీద కొట్టించినట్టు గట్టిగా కొట్టిస్తే గులకరాళ్ల మీద జారుతుందని ఆయన చెప్పాకే నాకూ తెలిసింది.

పరుగులో గూడెం పిల్ల ముందు. ఎక్కుడు వచ్చినప్పుడు పరిగెత్తదు, మోకాళ్ల మీద చేతులు పెట్టి చిన్న చిన్న అడుగులతో వేగంగా నడుస్తుంది. దిగుడులో కాళ్లు వదిలేస్తుంది. ఎవరు నేర్పారే అంటే, 'కట్టెల మోపుతో దిగేటప్పుడు అట్లనే కదా మేడమ్' అంది. సైకిలు మీద తండా పిల్ల ముందు. దిగుడులో సీటు మీద నుంచి లేచి, పెడళ్లు రెండూ ఒకే ఎత్తున పెట్టుకుని, బరువు వెనక్కి వేసి, పోవాల్సిన దారినే చూస్తుంది. గుంతను చూస్తే గుంతలోకే పోతామట. గూడెం పిల్ల గుంతనే చూస్తుంది, బ్రేకు వదలదు.

అంటే పోటీ ఎట్లా ఉంటుందో ముందే తెలుసు. పరుగులో ఒకరు ముందు పోతారు, సైకిలు మీద రెండో వాళ్లు తరుముకొస్తారు. ఎక్కడ కలుస్తారన్నదే లెక్క.

ఇక్కడ ఒక మాట. మైదాన ప్రాంతం వాళ్లు కనిపెట్టిన ఆటలివి, మనకెందుకు అనే పెద్దలున్నారు. మెక్సికోలో రారామురి అనే ఆదివాసులు ఉన్నారు, బయటివాళ్లు తారాహుమారా అంటారు. లోతైన లోయల్లో ఊళ్లు. ఊరికీ ఊరికీ మధ్య పరుగు పందెం పెట్టుకుంటారు, చెక్క బంతిని కాలితో తంతూ గంటల తరబడి, జట్టు జట్టుగా. 1993లో అమెరికాలో లెడ్‌విల్ అనే చోట 100 మైళ్ల కొండ పరుగులో వాళ్ల మనిషి విక్టోరియానో చుర్రో గెలిచాడు. వయసు 55. కాళ్లకు టైరు ముక్కలతో చేసిన చెప్పులు. మరుసటి ఏడు మళ్లీ వాళ్లే, హువాన్ ఎరేరా. 2017లో లొరేనా రామిరెస్ అనే అమ్మాయి లంగా, చెప్పులతోనే 50 కిలోమీటర్ల పందెం గెలిచింది. కొండ పరుగు ఎవరిదో ఇక నేను చెప్పక్కర్లేదు.

కొండ సైకిలు కథ వేరు. అది దోస్తుల మధ్య తగువులోంచి పుట్టింది. 1970లలో కాలిఫోర్నియాలో కొందరు కుర్రాళ్లు పాత సామాన్ల కొట్లలో దొరికిన బరువైన సైకిళ్లు తెచ్చి గుట్ట మీద నుంచి దిగేవాళ్లు. ఎవరు వేగమో తేలక వాదించుకునేవాళ్లు. వాదన ఎందుకు, గడియారం పెడదాం అని 1976 అక్టోబరు 21న పందెం పెట్టుకున్నారు. ఆ దారికి 'రీప్యాక్' అని పేరు, ఎందుకంటే ఒక్కసారి దిగితే వెనక బ్రేకులోని గ్రీజు కాలి పొగై పోయేది, మళ్లీ కొత్త గ్రీజు కూరాల్సి వచ్చేది. ఆ మొదటి పందెంలో గెలిచిన ఆలన్ బాండ్స్ మధ్యలో కింద పడనివాడు, అంతే, మిగతావాళ్లు పడ్డారు. ఆ గుంపులోంచే గ్యారీ ఫిషర్, జో బ్రీజ్ లాంటి వాళ్లు కొత్త రకం సైకిళ్లు తయారు చేశారు. 1996 నాటికి అది ఒలింపిక్ ఆట. దోస్తులు ఒకరినొకరు ఓడించాలనుకోకపోతే ఈ సైకిలే లేదు.

సరే, మా పిల్లల దగ్గరికి వస్తా. పోటీకి వారం ముందు ఇద్దరూ ఆఫీసు రూముకు వచ్చి, 'మేడమ్, ఇద్దరం చేతులు పట్టుకుని ఒకేసారి గీత దాటుతాం' అన్నారు. ముందు పోయినవాళ్లు ఆగి చూస్తారట. ఎందుకు ఆ ఆలోచన వచ్చిందో నాకు అర్థమైంది. 2017 చివర్లో ఆదిలాబాద్ జిల్లాలో గోండులు, కోలాములు ఒకవైపు, లంబాడాలు ఒకవైపు ఎట్లా నిలబడ్డారో మీరందరూ చూశారు. రిజర్వేషన్ గురించిన ఆ వాదం తీర్చేదాన్ని నేను కాదు. కానీ ఆ మాటలు ఫోన్లలో హాస్టల్ గదుల్లోకి వస్తాయి. ఒకమ్మాయికి ఇంటి నుంచి 'ఎవరి చేతిలో ఓడినా సరే, ఆ పిల్ల చేతిలో మాత్రం ఓడకు' అని చెప్పారు. రెండో అమ్మాయికీ దాదాపు అదే మాట. పిల్లలు దానికి కనిపెట్టిన ఉపాయం ఇది. ఎవరూ గెలవకపోతే ఎవరూ ఓడరు కదా.

వాళ్లు టోక్యో ఒలింపిక్స్ వీడియో కూడా చూపించారు. 2021 ఆగస్టు 1న హైజంప్‌లో ఖతార్ బర్షిమ్, ఇటలీ తాంబేరి స్వర్ణం పంచుకున్నారు, ఇద్దరూ మంచి దోస్తులు. నేనన్నాను, బాగా చూడండమ్మా. వాళ్లిద్దరూ 2.37 మీటర్లు దూకారు, 2.39 దగ్గర ఇద్దరూ మూడేసి సార్లు ప్రయత్నించి పడ్డారు. దూకగలిగినంతా దూకాక పంచుకున్నారు. పొద్దున్నే ఒప్పందం రాసుకుని రాలేదు. మీరు 22 కిలోమీటర్లు పూర్తిగా పరిగెత్తి, తొక్కి, గీత దగ్గర నిజంగానే ఒకేసారి వస్తే చేతులు పట్టుకోండి, నేనే చప్పట్లు కొడతా. ముందే ఆగుతానంటే మాత్రం, నువ్వు గెలవలేవని నీ దోస్తుకు చెప్పినట్టే.

పూర్ణ, ఆనంద్ ఇద్దరూ కలిసే ఎవరెస్ట్ ఎక్కారు కదా అంది గూడెం పిల్ల. మంచి ప్రశ్నే. 2014 మే 25న మన నిజామాబాద్ జిల్లా పాకాల లంబాడా బిడ్డ మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా దళిత బిడ్డ సాధనపల్లి ఆనంద్ కుమార్ శిఖరం మీద నిలబడ్డారు. పూర్ణకు అప్పటికి ఇంకా 14 నిండలేదు. ఇద్దరూ గురుకులం పిల్లలే. శిఖరం మీద ఇద్దరికీ చోటుంది, నిజమే. కానీ అక్కడికి పోకముందు ఏం జరిగింది? భువనగిరి బండ ఎక్కించారు, డార్జిలింగ్ పంపారు, లద్దాఖ్ చలిలో ఉంచారు. వంద మందికి పైగా పిల్లల్లోంచి ప్రతి మెట్టు దగ్గర కొందరు వెనక్కి వచ్చారు. ఆ వెనక్కి వచ్చినవాళ్లూ వీళ్ల దోస్తులే. ఎవరో ఒకరు జాలిపడి బండ మీద ఆగి ఉంటే ఎవరెస్ట్ దాకా ఎవరు పోయేవారు?

వాళ్లు ఒప్పుకున్నట్టు తల ఊపారు. పూర్తిగా ఒప్పుకున్నారని నేననుకోలేదు.

పోటీ రోజు రాత్రి 3 గంటలకే బయల్దేరాం. చేవెళ్ల మర్రిచెట్ల కింద ఇంకా చీకటే. అనంతగిరిలో మన మూసీ పుట్టింది. పురానాపూల్ కింద మనం ముక్కు మూసుకుని దాటే ఆ నీళ్లే అక్కడ గుట్టల్లో చిన్న ఊటలు. పిల్లలకు అది చూపించాలని ఉండె, టైం లేకపోయె. ఎర్ర మట్టి, మీద పొడి ఆకులు, ఆకుల కింద రాళ్లు. తాగడానికి జొన్న అంబలి, కొంచెం ఉప్పు వేసి, సీసాల్లో తీసుకుపోయాం.

పరుగు గూడెం పిల్ల 41 నిమిషాల్లో ముగించింది. తండా పిల్లకు 45 నిమిషాల 10 సెకన్లు. సైకిలు మీద అనుకున్నట్టే తండా పిల్ల కిలోమీటరుకు అర నిమిషం చొప్పున తగ్గించుకుంటూ వచ్చి, 11వ కిలోమీటరు దగ్గర దాటేసింది. దారి సన్నం. వెనక నుంచి 'కుడి!' అని అరిచింది, ముందున్న పిల్ల ఎడమకు జరిగి దారిచ్చింది. దారి ఇవ్వడం నియమం, ఇష్టం కాదు. 14వ కిలోమీటరు దగ్గర వాగు దాటి ఎక్కే చోట తండా పిల్ల చైను పడింది. దిగి కూర్చుంది. చేతులకు గ్రీజు, చైను చట్రానికీ పళ్లకూ మధ్య ఇరుక్కుంది. అప్పుడు గూడెం పిల్ల వచ్చింది.

వేగం తగ్గించి అడిగింది, 'దెబ్బ తగిలిందా?' అని.

'లేదు. చైను.'

'సరే' అంది, పోయింది.

తండా పిల్ల చైను ఎక్కించుకుని వెంటపడి 19 సెకన్ల తేడాతో రెండోది అయింది. గేర్ల సైకిలు గూడెం పిల్లకు వచ్చింది.

తిరుగు ప్రయాణంలో ఇద్దరూ బస్సులో వేర్వేరు సీట్లలో కూర్చున్నారు. రాత్రికి ఫొటోలతో పాటు ఒక మెసేజ్ తిరిగింది. 'మన పిల్ల పడిపోతే చూసి కూడా ఆగకుండా పోయింది, వాళ్లంతా అంతే.' పడిపోలేదు, చైను పడింది. చూసి కూడా ఆగకుండా కాదు, అడిగి పోయింది. సరే, ఆ రెండు అబద్ధాలు నేను సరిచేయగలను. 'వాళ్లంతా' అనే మాటను ఎట్లా సరిచేయాలి? ఆ గ్రూపుల్లో ఇక్కడున్న మీలో కొందరు ఉన్నారు. బొటనవేలు గుర్తు పెట్టినవాళ్లూ ఉన్నారు. ఒక పదిహేడేళ్ల పిల్ల 'సరే' అన్న ఒక్క మాటను మొత్తం జాతికి అంటగట్టారు.

నా లెక్క నేను చెబుతాను, ఒప్పుకోకపోతే ప్రశ్నలప్పుడు అడగండి. దెబ్బ తగిలిందా అని అడగడం సోపతి. తగిలి ఉంటే ఆగాలి, పోటీ చట్టుబండలు కానీ. తగలకపోతే పోవాలి. చైను ఎవరిది వాళ్లు ఎక్కించుకోవాలి, అందుకే కదా చాచా నెల రోజులు నేర్పింది.

ఓడినవాళ్ల బాధ చిన్నదని నేననను. 2023 అక్టోబరు 1న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఏం జరిగిందో గుర్తుందా? హెప్టాథ్లాన్, అంటే ఏడు ఆటలు కలిపి ఒక పోటీ. మన గురుకులంలో చదివిన అగసర నందినికి 5712 పాయింట్లు, కాంస్యం. మన దేశానికే ఆడిన స్వప్నా బర్మన్‌కు 5708, నాలుగో స్థానం. నాలుగు పాయింట్లు. చివరి 800 మీటర్ల పరుగులో లెక్క కడితే అది సెకనులో మూడో వంతు కూడా కాదు. స్వప్న కూడా పేదింటి బిడ్డే, 2018లో ఇదే ఆటలో స్వర్ణం తెచ్చింది. ఆ బాధలో ఆమె నందిని గురించి సోషల్ మీడియాలో రాయకూడని మాట రాసింది. తర్వాత తీసేసింది, క్షమాపణ చెప్పింది. కానీ ఆ మాట తెచ్చిన పుకారు నందిని వెంటే తిరిగింది. ఏడు ఆటలు రెండు రోజులు ఆడి గెలిచిన పిల్ల, ఎట్లా గెలిచావని కాకుండా నువ్వెవరని అడిగించుకోవాల్సి వచ్చింది. పోటీ అయిపోయిన గంటలో ఫోను చేతిలో ఉండడం చైను పడడం కన్నా ప్రమాదం.

మా తండా పిల్ల ఏమీ రాయలేదు. ఏమీ మాట్లాడలేదు కూడా. నాలుగు రోజులు. సర్ది చెప్పండి మేడమ్ అని మిగతా పిల్లలు నా చుట్టూ తిరిగారు. నేను చెప్పలేదు. సైకిలు హాస్టల్‌కు ఇచ్చేసి ఇద్దరూ వాడుకుంటే గొడవ ఉండదని ఒక పెద్దాయన సలహా ఇచ్చాడు. దానికీ ఒప్పుకోలేదు. గెలిచింది ఆ పిల్ల, సైకిలు ఆ పిల్లది. గెలుపును అందరికీ పంచేసి చిన్నది చేయడం మనవాళ్లకు బాగా అలవాటు, ముఖ్యంగా గెలిచింది ఆడపిల్ల అయితే.

అయిదో రోజు తండా పిల్ల వచ్చి టైమింగుల కాగితం అడిగింది. నిర్వాహకులు ఇచ్చింది నా దగ్గరే ఉంది. ఇద్దరినీ కూర్చోబెట్టి లెక్క వేయించాను, నా సబ్జెక్టు కదా. పరుగు ముగించి సైకిలు ఎక్కే చోట బూట్లు, హెల్మెట్ మార్చుకోవడానికి గూడెం పిల్లకు పట్టింది 1 నిమిషం 5 సెకన్లు. తండా పిల్లకు 2 నిమిషాల 45 సెకన్లు. లేసు ముడి పడింది, చెమట చేతులతో రాలేదు. చైను దగ్గర పోయింది 2 నిమిషాల 20 సెకన్లు. ఓడింది 19 సెకన్లతో. చైను పడకపోతే గెలిచేదే. కానీ చైను పడ్డా సరే, లేసు ముడి పడకపోతే కూడా గెలిచేది. ఆ అంకె చూసి చాలాసేపు ఊరుకుంది. తర్వాత, 'చైను కూడా నాదే మేడమ్, ఎక్కుడు మొదలయ్యాక గేరు మార్చిన' అంది. గట్టిగా తొక్కుతూ గేరు మారిస్తే చైను దిగుతుందని, వాగుకు ముందే మార్చుకోవాలని చాచా చెప్పిందే.

అప్పుడు గూడెం పిల్ల తన కాగితం చూపించింది. సైకిలు మీద ప్రతి కిలోమీటరుకు అర నిమిషం పోతోంది, అంతా దిగుడులోనే, బ్రేకు వదలక. 'ఇది నేర్పు' అంది. 'నేర్పితే వచ్చేసారి కూడా నువ్వే గెలుస్తవ్' అంది తండా పిల్ల. 'నువ్వు పరుగు నేర్చుకో మరి.' ఆ మాటలు కొంచెం కోపంగానే అనుకున్నారు. నేను మధ్యలో ఏం అనలేదు.

ఇప్పుడు ఆదివారాలు పహాడీ షరీఫ్ కింద ఒకరు దిగుడు నేర్పుతున్నారు, ఇంకొకరు ఎక్కుడు నేర్పుతున్నారు. గేర్ల సైకిలు ఎండాకాలం సెలవుల్లో బస్సు పైన ఎక్కించుకుని ఉట్నూరు పోయి వచ్చింది. తండా పిల్లకు కావాలంటే అడిగి తీసుకుంటుంది, ప్రతిసారీ అడుగుతుంది. ఈ చలికాలం పోటీకి ఇద్దరూ మళ్లీ పేర్లు ఇచ్చారు. తండా పిల్ల బూట్లకు లేసులు తీసేసి ఎలాస్టిక్ కట్టుకుంది. చేతులు పట్టుకుని గీత దాటే మాట ఈసారి ఎవరూ ఎత్తలేదు.

ఇంకో ముగ్గురికి చోటుంది. హెల్మెట్లు మూడే ఉన్నాయి కాబట్టి ముగ్గురే. ఇంటర్, డిగ్రీ పిల్లలు ఎవరైనా రావచ్చు, తల్లిదండ్రుల సంతకం ఉన్న ఉత్తరం తెండి. ఆదివారం పొద్దుగాల 5 గంటలకు గేటు తీస్తాను. 5.05కు వేస్తాను.